తలుపు అవతల ఎవరు? ‘కౌన్’ మళ్ళీ చూశాక

పోయిన జులైలో ఒక రాత్రి. హైదరాబాద్‌లో కుండపోత. తొమ్మిదిన్నరకి కరెంటు పోయింది, జనరేటర్ ఎందుకో ఆన్ అవ్వలేదు. నేను ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటాను. ఫోన్ టార్చి వెలుగులో పొద్దుటి పప్పు అన్నంలో కలుపుకుంటుంటే ఎవరో తలుపు కొట్టారు. కరెంటు లేదు కదా, బెల్ మోగదు. చేత్తోనే కొట్టారు. మూడుసార్లు.

పీప్‌హోల్‌లోంచి చూశాను. కారిడార్‌లో ఎమర్జెన్సీ లైటు గుడ్డిగా వెలుగుతోంది. ఒక మగమనిషి, నలభై దాకా ఉంటాయి. నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిసిపోయి ఉన్నాడు. చేతిలో ఏదో కవర్.

“మాస్టారి ఇల్లు ఇదేనా మేడమ్?” అన్నాడు.

ఇక్కడ మాస్టారెవరూ లేరన్నాను, తలుపు తీయకుండానే.

“మూడొందల రెండే కదా మేడమ్?”

అవును, మాది 302నే. నంబరు కరెక్టుగా చెప్పేసరికి నాకు ఇంకా భయమేసింది. అయినా లేరన్నాను. అతను వెళ్ళలేదు. ఫోన్ తడిసి ఆగిపోయిందట, ఒక్క కాల్ చేసుకుంటానన్నాడు. మళ్ళీ తలుపు కొట్టాడు. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. గట్టిగా, విసుగ్గా కూడా వచ్చింది.

“మా ఆయన పడుకున్నారు. లేపమంటారా?”

నాకు పెళ్ళే కాలేదు.

అతను “సారీ మేడమ్” అనేసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను తలుపుకి వీపు ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాను. గుండె నెమ్మదించాక అనిపించింది, ఈ డైలాగ్ నాది కాదే, ఎక్కడో విన్నానే అని. వాన, పెద్ద తలుపు, ఇవతల ఒంటరిగా ఒకమ్మాయి, అవతల తడిసిన ఒక మనిషి, ఇంట్లో లేని మొగుడు. ఊర్మిళ. ‘కౌన్’.

ఆ వారాంతంలో యూట్యూబ్‌లో వెతికి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ చూశాను. ఇరవై ఏళ్ళ తర్వాత. నిజం చెప్పొద్దూ, నేను చిన్నప్పుడు చూసిన సినిమా, ఇది ఒకటే కాదనిపించింది.

అప్పుడు ఎలా చూశానంటే...

గుంటూరులో మా పెద్దమ్మ వాళ్ళింట్లో, వేసవి సెలవుల్లో, రాత్రి పదకొండు దాటాక, కేబుల్‌లో. నాకు హిందీ అంతంత మాత్రం. మా అక్క పక్కన కూర్చుని అర్థం చెప్పేది, చెబుతూ చెబుతూ తనే దుప్పటి ముఖం మీదకి లాక్కునేది. మాకు అర్థమైన కథ ఇంతే. పాపం ఒకమ్మాయి ఇంట్లో ఒక్కతే ఉంది, ఒకడు వచ్చి సతాయిస్తున్నాడు, వాడే హంతకుడు అయ్యుంటాడు. క్లైమాక్స్ వచ్చేసరికి మా పెద్దమ్మ లేచి వచ్చి టీవీ కట్టేసింది. చివరి పావుగంట అక్క తర్వాత ఎప్పుడో ఎవరినో అడిగి తెలుసుకుని నాకు చెప్పింది. అంటే ఈ సినిమా ముగింపు నేను చూడకముందే విన్నాను. వినడం వేరు, చూడడం వేరు. అది మొన్ననే తెలిసింది.

ఈ పేరే విననివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ‘కౌన్’ 1999 ఫిబ్రవరిలో వచ్చిన హిందీ సినిమా. దర్శకుడు మన రామ్ గోపాల్ వర్మ. రాసింది అనురాగ్ కశ్యప్. అప్పటికింకా ఆయన పేరు బయట ఎవరికీ పెద్దగా తెలీదు, ‘సత్య’ రచయితల్లో ఒకడు, అంతే. మొత్తం సినిమాకి ముగ్గురే నటులు. ఊర్మిళ మాతోండ్కర్, మనోజ్ బాజ్‌పాయ్, సుశాంత్ సింగ్. (సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ కాదు, ఈయన వేరు. ‘సత్య’లో పక్యా వేషం వేసింది ఈయనే.) ఒకే ఇల్లు, ఒకే వాన, గంటన్నర. పాటల్లేవు. డాన్స్ లేదు. కామెడీ ట్రాక్ లేదు. ఊర్మిళ పాత్రకి పేరు కూడా లేదు, సినిమా అంతా ఆమెని ‘మేడమ్’ అనే పిలుస్తారు.

ఇప్పుడైతే ఓటీటీలో ఇలాంటివి వారానికొకటి వస్తున్నాయి, అందుకే మీకు ఇందులో సాహసం కనిపించకపోవచ్చు. ఆ ఏడాది హిందీలో ఆడిన సినిమాలు చూడండి. ‘హమ్ దిల్ దే చుకే సనమ్’, ‘తాళ్’, ‘బీవీ నంబర్ వన్’, ‘హమ్ సాథ్ సాథ్ హై’. ఇంటినిండా చుట్టాలు, సినిమా నిండా పాటలు. వాటి మధ్యలో ఒక ఖాళీ ఇల్లు, ముగ్గురు మనుషులు. అదీ గాక అంతకు ముందు ఏడాది జులైలోనే ‘సత్య’ వచ్చింది. భీకూ మాత్రే వేషానికి మనోజ్‌కి జాతీయ అవార్డు వచ్చింది. వర్మ, మనోజ్, ఊర్మిళ మళ్ళీ కలిశారంటే జనం ఇంకో ‘సత్య’ కోసం వెళ్ళి ఉంటారు. ఊర్మిళ అంటే ‘రంగీలా’ అమ్మాయి. ఆమె వస్తే పాట ఉండాల్సిందే. థియేటర్‌లో వాళ్ళకి దొరికింది తలుపు దగ్గర అరగంట బేరం. సినిమా పెద్దగా ఆడకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

మన తెలుగువాళ్ళు దీన్ని పట్టించుకోకపోవడమే నాకు ఆశ్చర్యం. వర్మ అనగానే మనం ‘శివ’ అంటాం, ‘క్షణ క్షణం’ అంటాం, భయపడ్డ సినిమా ఏదంటే ‘రాత్రి’ అంటాం. ‘కౌన్’ పేరు లిస్టులో చివరికి కూడా రాదు. కానీ చూస్తే ఇది అచ్చంగా ఆ ఇంటి పిల్లే. 1992 ‘రాత్రి’లో ఎవరూ లేని గదిలో కెమెరా తనంతట తను నడిచినట్టు వెళ్ళడం గుర్తుందా? ఎవరి కళ్ళతో చూస్తున్నామో తెలీదు, అదే భయం. ఇక్కడా అంతే, కెమెరా మెట్ల మీద, తలుపు సందుల్లో పాకుతుంటుంది. అక్కడా ఒక పిల్లి ఉంది, ఇక్కడా ఒక పిల్లి ఉంది (వర్మకి పిల్లులతో ఏదో లెక్క తేలలేదు). ఊర్మిళని కూడా ఆయన తెలుగులో అప్పటికే మూడుసార్లు చూపించాడు. ‘అంతం’, ‘గాయం’, ‘అనగనగా ఒక రోజు’. చప్పుడుని కూడా ఒక పాత్రలా వాడడం ఆయన ‘శివ’ సైకిల్ చైన్ నాడే మొదలుపెట్టాడు. ఇక ‘కౌన్’కి నేపథ్య సంగీతం ఇచ్చిన సందీప్ చౌతా మనకి ‘నిన్నే పెళ్లాడతా’ పాటలిచ్చినాయనే. ఆ పాటలు చేసిన చెయ్యేనా ఇది అనిపిస్తుంది.

కథ ఎలా మొదలవుతుందంటే, బయట హోరున వాన. పెద్ద బంగళా. లోపల ఒక అమ్మాయి. అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంది, త్వరగా రమ్మంటుంది. టీవీలో వార్త, ఊళ్ళో వరసగా హత్యలు చేస్తున్న ఒక హంతకుడు తిరుగుతున్నాడని. ఆమెకి ప్రతి చప్పుడూ భయమే. అప్పుడు బెల్ మోగుతుంది.

తలుపు బయట సమీర్ పూర్ణవాలే. మల్హోత్రా గారి ఇల్లు ఇదేనా అంటాడు. కాదంటుంది. అతను వినడు. ఏదో పని మీద వచ్చాడు, మల్హోత్రాని కలవాలి, అడ్రస్ ఇదే. మళ్ళీ బెల్ కొడతాడు. మళ్ళీ కాదంటుంది. వాన ఎక్కువైంది, లోపలికి రానివ్వమంటాడు. కుదరదంటుంది. నవ్వుతాడు. సారీ చెబుతాడు. మళ్ళీ బెల్.

ఈ తలుపు దగ్గర సీన్లే నాకు మొత్తం సినిమాలో ప్రాణం. ఇంకో దర్శకుడైతే రెండు నిమిషాల్లో తేల్చేసి అతన్ని లోపలికి పంపేసేవాడు, అసలు కథ లోపలే కదా అని. వర్మ తలుపు దగ్గరే కూర్చోబెట్టాడు. ఆమె ఒక్కో అబద్ధం ఆడుతుంటే, అతను ఒక్కో అబద్ధాన్నీ నమ్మినట్టే నమ్మి ఇంకో ప్రశ్న వేస్తుంటాడు. మొగుడు పైన పడుకున్నాడంటుంది. అయితే ఆయన్నే పిలవండి, మాట్లాడతానంటాడు. మనకి చెమట పడుతుంది. ఎందుకంటే ఆ మొగుడు లేడని మనకి తెలుసు. మనం ఆమె వైపు ఉన్నాం, ఆ అబద్ధం నిలబడాలని కోరుకుంటున్నాం.

మనోజ్ బాజ్‌పాయ్‌ని మీలో చాలామందికి ‘ద ఫ్యామిలీ మ్యాన్’ శ్రీకాంత్ తివారీగానే తెలుసు. అదే మనిషిని ఇక్కడ చూడండి. సమీర్ ఎక్కడా అరవడు, బెదిరించడు. ఎక్కువ మాట్లాడతాడు, అంతే. ప్రతి వాక్యానికీ ఒక ‘మేడమ్’ తగిలిస్తాడు. తన జోక్‌కి తనే నవ్వుతాడు, ఆ నవ్వు ఒక అర సెకను ఎక్కువ సాగుతుంది. అలాంటివాళ్ళు మీకూ తగిలే ఉంటారు. బస్సులో పక్క సీట్లో కూర్చుని, మీరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా మాట్లాడే అంకుల్. ఆఫీసులో లిఫ్ట్ ఆపి మరీ కబుర్లు చెప్పే కొలీగ్. చిరాకు మనిషా, ప్రమాదకరమైన మనిషా తెలీదు. తెలీకపోవడమే మనోజ్ నటన. భీకూ మాత్రే చేసిన కొన్ని నెలలకే ఒకాయన ఇలా జిడ్డుగా, తడిగా, కాస్త నవ్వు పుట్టించేలా నటించగలిగాడంటే, జాతీయ అవార్డు ఒక ఏడాది ముందే ఇచ్చేశారేమో అనిపించింది నాకు.

ఇక ఊర్మిళ. ‘భూత్’లో ఆమె నటన గురించి అందరూ చెబుతారు. అది 2003లో వచ్చింది, ఫిలింఫేర్ క్రిటిక్స్ అవార్డు కూడా వచ్చింది. అక్కడ ఆమెకి అరవడానికి, ఒళ్ళు విరుచుకోవడానికి అవకాశం ఉంది, దెయ్యం పట్టింది కాబట్టి. ఇక్కడ అలాంటిదేం లేదు. దాదాపు ప్రతి సీన్‌లోనూ తనే ఉండాలి, ఎక్కువ భాగం ఎవరితోనూ మాట్లాడకుండా. గొంతు చిన్నది చేసుకుని, భుజాలు లోపలికి ముడుచుకుని, పెద్ద కళ్ళతో ఇల్లంతా తిరుగుతుంది. చిన్నప్పుడు నాకు ఆమె పాపం అనిపించింది. ఇప్పుడు చూస్తే పాపం అనిపించడానికి ఏమేం కావాలో అన్నీ ఒక్కొక్కటిగా పేర్చి పెట్టారని తెలిసింది.

సినిమా మధ్యలో మూడో మనిషి వస్తాడు, ఖురేషీ. పోలీసునంటాడు. అక్కడి నుంచి ఎవరు ఎవరనేది మాటిమాటికీ మారిపోతుంటుంది. ఇంట్లో ఇంకెవరో ఉన్నారన్న అనుమానం ఒకటి. నిజానికి ఈ భాగం నాకు అంత నచ్చలేదు. ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు అనుమానించుకుంటూ కొట్టుకోవడం మామూలు థ్రిల్లర్‌లోకి వెళ్ళిపోయింది. తలుపు దగ్గరున్న టెన్షన్ అక్కడ సగానికి పడిపోయింది. సంగీతం కూడా కొన్నిచోట్ల మరీ చెవి దగ్గర డప్పు కొట్టినట్టుంది, ఇయర్‌ఫోన్స్‌తో చూసేవాళ్ళు కాస్త వాల్యూమ్ తగ్గించుకోండి. భయపెట్టడానికి పెట్టిన ఉత్తుత్తి జర్క్‌లు రెండు మూడు లెక్కకి మించి ఉన్నాయి. అవన్నీ ఒప్పుకుని కూడా చెబుతున్నా, చూడండి.

చూడనివాళ్ళు ఇక్కడ ఆగండి

ఇక్కడి నుంచి ముగింపు గురించే మాట్లాడతాను. సినిమా చూడకపోతే ఈ పేజీ ఇక్కడే సేవ్ చేసుకుని, వెళ్ళి చూసొచ్చి చదవండి. గంటన్నరే. తర్వాత నన్ను తిట్టొద్దు.

చూసేశారా?

సరే. హంతకురాలు ఆమే. మనం గంటకి పైగా ఎవరి ప్రాణం కోసం గోళ్ళు కొరుక్కున్నామో, ఆవిడే. ఆ ఇంట్లో ముందే ఒక శవం ఉంది. మల్హోత్రా ఇల్లు అదే. తడిసిన ఆ వాగుడుకాయ సమీర్ మొదటి నుంచీ నిజమే చెబుతున్నాడు. అడ్రస్ కరెక్టే. చివరికి వచ్చిన ఇద్దరూ ప్రాణాలతో బయటపడరు. ఆఖర్న ఊర్మిళ ముఖంలో ఒక నవ్వు ఉంటుంది చూడండి, మా అక్క దాన్ని మాటల్లో చెప్పలేకపోయింది. నేనూ చెప్పను.

ట్విస్ట్ తెలిశాక థ్రిల్లర్‌లో ఏముంటుంది అంటారు కదా. చాలావాటిలో నిజంగానే ఏమీ ఉండదు, రెండోసారి చూస్తే చొక్కా లోపలి కుట్లు కనిపించినట్టుంటుంది. ‘కౌన్’ నాకు రెండోసారే సరిగ్గా కనిపించింది. అవే సీన్లు, అవే డైలాగులు. భయం మాత్రం తలుపుకి అవతలి వైపుకి మారింది.

మొదటిసారి బెల్ మోగితే తీయొద్దు, తీయొద్దు అనుకున్నాను. ఈసారి సమీర్‌ని చూసి, వెళ్ళిపోవయ్యా, ఇంకోసారి బెల్ కొట్టకు, వానలో తడిసినా పర్వాలేదు వెళ్ళిపో అనుకున్నాను. అతను జోకులేస్తుంటే నవ్వు రాలేదు. ఎదురుగా ఎవరున్నారో తెలీక, ఒక భయపడ్డ అమ్మాయిని మాటల్లో పెట్టి తేలిక చేద్దామనుకుంటున్న మనిషిలా కనిపించాడు. మొదటిసారి జిడ్డుగా అనిపించిన ఆ ‘మేడమ్’లో ఈసారి మర్యాద వినిపించింది. మనోజ్ ఒకటే నటించాడు. వినే చెవి మారింది.

అమ్మతో ఫోన్ సంగతీ అంతే. మొదటిసారి అది ఒంటరి అమ్మాయికి ఉన్న ఒకే ఒక్క ఆసరా. రెండోసారి నేను ఆ రిసీవర్ వైపే చూస్తూ కూర్చున్నాను, అసలు అటువైపు ఎవరైనా ఉన్నారా అని. టీవీలో హంతకుడి వార్త చూసి ఆమె ఉలిక్కిపడడం మళ్ళీ చూశాను. ఆ ఉలికిపాటు నటన కాదనిపించింది. ఇదే నాకు బాగా పట్టుకుంది. ఊర్మిళ ఎక్కడా నటిస్తున్న హంతకురాలిగా చేయలేదు. ఆమె భయం నిజం. బయటి నుంచి ఎవరో వచ్చి తనని చంపేస్తారని ఆమె నిజంగానే నమ్ముతోంది, ఆ భయంతోనే చంపుతోంది. భయపడేవాళ్ళు ప్రమాదకరమైనవాళ్ళు కారని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. సినిమా కూడా చెప్పలేదు. ఒక ఆడపిల్ల, ఒక పెద్ద ఇల్లు, వాన, వణుకుతున్న గొంతు. ఇవి చూపిస్తే చాలు, మిగతాది నేనే నింపుకున్నాను. గుంటూరులో పదేళ్ళ వయసులోనే నింపుకున్నాను.

అనురాగ్ కశ్యప్ తర్వాత ఎన్నో రాశాడు, తీశాడు. ‘గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్’లో ఇదే మనోజ్‌తో వీరంగం చేయించాడు. అయినా ఇంత తక్కువ సామానుతో చూసేవాడినే తప్పు చేయించిన స్క్రిప్టు ఆయన మళ్ళీ రాశాడని నేననుకోను. ఇందులో మోసం కూడా తక్కువే. ఆలోచించి చూడండి, సినిమా మనకి పెద్ద అబద్ధమేమీ చెప్పలేదు. ఆ ఇల్లు ఆమెదే అని ఎవరూ చెప్పలేదు. ఆమె పేరే చెప్పలేదు. లోపల ఉన్నవాళ్ళే ఇంటివాళ్ళనీ, బయట ఉన్నవాడే దొంగ అనీ మనమే అనుకున్నాం.

ఒక్క విషయంలో మాత్రం నాకు ఈ సినిమాతో పేచీ ఉంది. మనసు బాగోలేని మనిషి అంటే కత్తి పట్టుకుంటుంది అనే లెక్క మన సినిమాల్లో ఎప్పటి నుంచో ఉంది, ‘కౌన్’ కూడా ఆ గాటనే కట్టేసుకుంది. జబ్బు పేరు చెప్పదు, డాక్టరు వచ్చి ఉపన్యాసం ఇవ్వడు. అంతవరకు నయమే. కానీ ఆ చివరి నవ్వు ఉంది చూశారూ, అది అప్పటి దాకా ఆమె పడ్డ భయాన్ని ఒక్క దెబ్బతో రాక్షసత్వం చేసేస్తుంది. ఆ భయాన్ని భయంగానే వదిలేసి ఉంటే ఇంకా గట్టిగా ఉండేదని నా అభిప్రాయం. లేనిపోని గొంతులు వినిపించి, ఎవరో తరుముతున్నారని వణికే మనిషిని నేను దగ్గర నుంచి చూశాను, మా బంధువుల్లోనే. ఆవిడ ఎవరికీ చీమంత హాని చేయలేదు. తలుపు గొళ్ళెం మాత్రం రోజుకి ఇరవైసార్లు చూసుకునేది. సినిమా చూస్తున్నంతసేపూ ఊర్మిళలో నాకు ఆవిడ కనిపిస్తూనే ఉంది, చివరి నవ్వు దగ్గర తప్ప.

ఇప్పుడు ఈ కథ తీయగలరా అని కూడా ఆలోచించాను. ల్యాండ్‌లైన్ లేదు. బెల్‌కే కెమెరా ఉంటుంది, గేటు దగ్గర సెక్యూరిటీ యాప్‌లో ‘అలో’ నొక్కాలి. సమీర్ మల్హోత్రాకి లొకేషన్ పెట్టమని మెసేజ్ కొట్టేవాడు. అయితే మనం తలుపు తీయడం మాత్రం తగ్గింది. పార్సిల్ తెచ్చిన కుర్రాడితో కూడా “బయట పెట్టేసి వెళ్ళండి” అని ఫోన్‌లోనే చెబుతాం, అతను లిఫ్ట్ ఎక్కాక చెయ్యి మాత్రం బయటపెట్టి తీసుకుంటాం. నేనూ అంతే. ఒంటరిగా ఉండే అమ్మాయిలకి అది తప్పని నేను చచ్చినా అనను.

ఆ రాత్రి సంగతి చెప్పడం మిగిలిపోయింది.

మర్నాడు పొద్దున వాచ్‌మన్ చెప్పాడు. మా అపార్ట్‌మెంట్‌లో రెండు బ్లాకులున్నాయి, ఏ బ్లాకులో ఒక 302, బీ బ్లాకులో మాది ఒక 302. ఏ బ్లాకు 302లో ఒక రిటైర్డ్ మాస్టారు ఒక్కరే ఉంటారు. సాయంత్రం నుంచి ఫోన్ ఎత్తడం లేదని ఖమ్మం నుంచి అల్లుడు బస్సెక్కి వచ్చాడు. వాచ్‌మన్ జనరేటర్ దగ్గర ఉన్నాడు, గేటు దగ్గర ఎవరూ లేరు. చీకట్లో బ్లాకు తెలీక మా వైపు వచ్చాడు. నేను పంపించేశాక కింద ఎవరైనా దొరుకుతారేమోనని తిరిగి తిరిగి, సరైన తలుపు దగ్గరికి వెళ్ళేసరికి ఇంకో ముప్పావుగంట పట్టింది. మాస్టారు బాత్రూమ్‌లో జారిపడి, తుంటి విరిగి, మధ్యాహ్నం నుంచి నేల మీదే ఉన్నారు. ఆపరేషన్ అయింది. బతికారు.

నేను నోరు తెరిచి “ఏ బ్లాకులో అడగండి” అని ఒక్క మాట అంటే సరిపోయేది. తలుపు తీయక్కర్లేదు కూడా. ఆ మాట నాకు తట్టలేదు. లేని మొగుడు తట్టాడు.

నెల తర్వాత ఆ అల్లుడు లిఫ్ట్‌లో ఎదురయ్యాడు. చేతిలో మళ్ళీ ఒక కవర్, మందుల షాపుది. పొడి బట్టల్లో, వెలుతురులో చూస్తే మామూలు మనిషి. గొంతు బట్టి గుర్తుపట్టాడనుకుంటా. నేను సారీ చెప్పబోయాను.

“అయ్యో, మీరు చేసింది కరెక్టే మేడమ్” అన్నాడు. “మా ఆవిడకి కూడా అదే చెబుతాను, ఎవరొచ్చినా తీయొద్దని.” కాసేపాగి, నవ్వాపుకుంటూ అడిగాడు. “సార్ బాగున్నారా?”

మూడో ఫ్లోర్ వచ్చింది. బాగున్నారని చెప్పి దిగిపోయాను.